ఎంబీబీఎస్ పక్కన ఎంబీఏ: పీజీ సీటుకి పనికొస్తుందా, ఏ వరుసలో చేయాలి?

నెల్లూరు పొగతోటలో రాత్రి ఏడు దాటాక ఏ టీ కొట్టు దగ్గర నిలబడినా పక్కన ఒక హౌస్ సర్జన్ ఉంటాడు. చేతిలో టీ, చెవిలో ఇయర్‌ఫోన్, అందులో మెడికల్ పీజీ ప్రవేశ పరీక్ష, నీట్ పీజీ లెక్చర్. పోయిన నెల అలాంటి కుర్రాడే ఒకడు నన్ను గుర్తుపట్టి అడిగాడు. "అన్నా, మీరు ఎంబీఏ కూడా చేశారంట కదా. నేనూ చేస్తే పీజీకి ఏమన్నా ప్లస్ అవుతుందా?"

టీ చల్లారేలోపు చెప్పగలిగే జవాబు ఒకటుంది. ఇండియాలో పీజీ అయితే ఒక్క మార్కు కూడా కలవదు. అమెరికా అయితే కొంచెం కలవొచ్చు, కొంచెం పోవచ్చు కూడా. ఆ కుర్రాడికి ఇంతే చెప్పి వచ్చేశాను గానీ, బస్సెక్కాక సగమే చెప్పాననిపించింది. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నేను ఎంబీబీఎస్ అవగానే ఎంబీఏ చేసి, ఆ తర్వాత పీజీ చేసి, ఇప్పుడు ఒంగోలులో జనరల్ మెడిసిన్ చూస్తున్నాను. రెండు డిగ్రీలూ నాకు పనికొచ్చాయి. వరుస మాత్రం తిరగబడింది. దానికి నేను కట్టిన మూల్యం దాదాపు మూడేళ్ళు.

ముందు ఒక కాగితం తీసుకోండి

ఫోన్లో నోట్స్ కాదు, కాగితమే. "నాకు ఎంబీఏ కావాలి, ఎందుకంటే" అని మొదలుపెట్టి ఆ వాక్యం పూర్తి చేయండి. ఎవరికీ చూపించక్కర్లేదు కాబట్టి నిజమే రాయండి.

నన్ను అడిగే జూనియర్లలో ఎక్కువ మంది చేత రాయిస్తే తేలేది ఇది: ర్యాంకు రాలేదు, ఇంకో ఏడాది ఇంట్లో కూర్చుని చదవాలంటే టెన్షన్, ఊరికే ఉన్నావేంటని చుట్టాలు అడుగుతారు, ఏదో ఒక కాలేజీలో పేరుంటే మర్యాదగా ఉంటుంది. ఇది ఎంబీఏ చేయడానికి కారణం కాదు, తలదాచుకోవడానికి ఒక చోటు. నాదీ అదే బాపతు. మా మేనమామకి కావలిలో ఎరువుల కొట్టుంది. నేను ఎంబీఏలో చేరానని తెలిసి, "ఏంది అబ్బయా, డాక్టరు చదివి మళ్ళా ఈ కొట్టు లెక్కల చదువేంది? కావాలంటే నా దగ్గర కూర్చో, ఫీజు లేకుండా నేర్పిస్తా" అన్నాడు. అప్పుడు కోపం వచ్చింది. జవాబు మాత్రం రాలేదు. అప్పుడే ఆగి ఆలోచించాల్సింది.

పనికొచ్చే కారణాలు వేరే ఉన్నాయి. ఇంట్లో నడుస్తున్న నర్సింగ్ హోమ్ ఉంది, రేపు మీరే చూసుకోవాలి. లేదా పేషెంట్లని చూడటం కన్నా ఆసుపత్రి నడపడం, ఇన్సూరెన్స్, మందుల కంపెనీ, హెల్త్ స్టార్టప్ లాంటి వైపు మనసుంది. లేదా ప్రభుత్వ వైద్యంలో పథకాలు, ప్లానింగ్ మీద పనిచేయాలని ఉంది. వీటిలో ఏది మీదో దాన్ని బట్టి కింది అడుగులు మారతాయి. కాగితం మీద "సీటు రావడానికి" అని వచ్చిందా, తర్వాతి భాగం రెండుసార్లు చదవండి.

ఇక్కడే పీజీ అనుకుంటే లెక్క ఇదీ

మన దగ్గర ఎయిమ్స్, జిప్మర్ లాంటి కొన్ని సంస్థలు తప్ప ఎండీ, ఎంఎస్, డీఎన్‌బీ ఏదైనా నీట్ పీజీ ర్యాంకు మీదే. 200 ప్రశ్నలు, మూడున్నర గంటలు, 800 మార్కులు. రైటుకి 4, తప్పుకి ఒకటి కోత. 2025లో ఆగస్టు 3న ఒకే షిఫ్టులో జరిగింది, రాసినవాళ్ళు 2 లక్షలు దాటారు. ర్యాంకు వచ్చాక ప్రభుత్వ కాలేజీల సీట్లలో సగం ఆలిండియా కోటా కింద కేంద్రం నడిపే ఎంసీసీ కౌన్సెలింగ్‌కి పోతాయి. మిగతా సగం మన విజయవాడ హెల్త్ యూనివర్సిటీ నింపుతుంది. ఇంటర్వ్యూ లేదు. సీవీ అడిగేవాడు లేడు. నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ అయినా, ఒంగోలు రిమ్స్ అయినా, చింతారెడ్డిపాలెం నారాయణ అయినా మీరు ఐఐఎంలో చదివారా ఇంకెక్కడ చదివారా అని సీటిచ్చే కంప్యూటర్‌కి తెలియదు.

మన నెల్లూరు బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండక్కి కోరికని బట్టి చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, ఇల్లు రొట్టె, దేనికదే ఉంటుంది కదా. ఉద్యోగం రొట్టె పట్టుకుని, పెళ్ళి ఎందుకు కాలేదని చెరువు గట్టున కూర్చుంటే ఎట్లా? ఇదీ అంతే.

కలవకపోతే పోయింది, నష్టం కూడా ఉంది. నీట్ పీజీకి 19 సబ్జెక్టులు. అవి వాడుతూ ఉంటేనే నిలుస్తాయి. ఎంబీఏ రెండో సెమిస్టర్లో ఒక రాత్రి నేను తరుగుదల లెక్కలు చేస్తున్నాను. యంత్రం కొన్న ధర, దాని ఆయుష్షు, ఏడాదికి ఎంత తగ్గించాలి, ఇదీ తంతు. మా పక్కింటాయన తలుపు కొట్టి, ఆయన నాన్నకి టీబీ మందులు ఇచ్చారు, మూత్రం ఎర్రగా వస్తోంది, భయపడాలా అని అడిగాడు. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగే అని చెప్పడానికి నాకు అర నిమిషం పట్టింది. రెండేళ్ళ కింద నిద్రలో లేపి అడిగినా చెప్పేవాణ్ణి. ఎంబీఏ అయ్యాక రాసిన మొదటి మాక్ టెస్టులో 200కి 80 కూడా సరిగ్గా పెట్టలేకపోయాను. మళ్ళీ పాత చోటికి రావడానికే ఏడాది పట్టింది.

అదే రెండేళ్ళు పీహెచ్‌సీలో మెడికల్ ఆఫీసరుగా చేసి ఉంటే జీతం వచ్చేది, సర్వీసు పెరిగి మన రాష్ట్రంలో ప్రభుత్వ డాక్టర్లకిచ్చే ఇన్‌సర్వీస్ కోటా వైపు దారి పడేది. ఆ కోటా శాతం మారుతూ ఉంటుంది. 2024లో తగ్గించారని పీహెచ్‌సీ డాక్టర్లు ఆందోళన చేశారు, 2025లోనూ రోడ్డెక్కారు. అందుకని ఆ ఏడాది జీవో చూసుకునే లెక్కేసుకోండి. ఎంత తగ్గినా, పొదిలి దగ్గరో ఉదయగిరి దగ్గరో చేసిన సర్వీసుకి పీజీ కౌన్సెలింగ్‌లో ఒక విలువ ఉంది. ఎంబీఏకి లేదు.

కాబట్టి ఇండియాలో పీజీ ఖాయం అనుకుంటే ముందు సీటు, తర్వాత ఎంబీఏ. ఇందులో నాకు అనుమానం లేదు.

మనసంతా ఆసుపత్రి నడపడం మీదే ఉంటే

ఇది చాలామందికి తెలియదు. హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌లో ఎండీ ఉంది. అది ఎంబీఏ కాదు, అసలైన మెడికల్ పీజీ. సీటు మిగతా ఎండీల్లాగే నీట్ పీజీ ద్వారా, మూడేళ్ళు, థీసిస్ రాయాలి. సీట్లు తక్కువ, కానీ క్లినికల్ బ్రాంచీల తోపులాట ఉండదు. కమ్యూనిటీ మెడిసిన్ ఎండీ కూడా ఇదే కోవలోకి వస్తుంది. పథకాలు, జిల్లా స్థాయి ప్లానింగ్, అంతర్జాతీయ సంస్థల్లో పని అంటే అది మంచి దారి. మన కనిగిరి, పొదిలి వైపు ఫ్లోరోసిస్, కిడ్నీ జబ్బుల మీద ఎవరైనా గట్టిగా పనిచేయాలంటే ఆ చదువు ఉన్నవాళ్ళే కావాలి.

ఇవి కాకుండా ముంబయి టాటా ఇన్‌స్టిట్యూట్ (టిస్)లో, హైదరాబాద్ నిమ్స్‌లో ఆసుపత్రి నిర్వహణ మీద మాస్టర్స్ కోర్సులున్నాయి. మంచివే. తేడా ఒక్కటి గుర్తుంచుకోండి. అవి మేనేజ్‌మెంట్ డిగ్రీలు. వాటితో మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు కాలేరు, డీఎం సూపర్ స్పెషాలిటీకి పోలేరు. "ఎంబీబీఎస్ అయ్యాక చేశాను కాబట్టి ఇదీ పీజీయే కదా" అని పెళ్ళి చూపుల్లో చెప్పుకోవచ్చు. మెడికల్ కౌన్సిల్ దగ్గర చెల్లదు.

ఎంబీఏనే అని తేలితే, ఏ ఎంబీఏ

ఇక్కడ బైపీసీ వాళ్ళకి ఒక చిక్కుంది. లెక్కలు టెన్త్‌తో వదిలేశాం. ఐఐఎంల ఎంట్రన్స్ క్యాట్‌లో ఇంగ్లీషు, డేటాతో తర్కం, లెక్కలు మూడు భాగాలు, ఒక్కోదానికి 40 నిమిషాలు. నవంబరు నెలాఖరులో ఉంటుంది. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, కాలం-దూరం దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టాలి. ఆరు నెలలు గట్టిగా పడితే వస్తుంది. ఒక ఊరట ఉంది. ఇంజనీర్లు కాని వాళ్ళకి చాలా ఐఐఎంలు షార్ట్‌లిస్టులో కొంచెం మొగ్గు చూపుతాయి. ఇంటర్వ్యూలో డాక్టరు కనిపిస్తే "మెడిసిన్ చదివి ఇక్కడికెందుకు?" అని తప్పకుండా అడుగుతారు. మా మేనమామ ప్రశ్నే, ఇంగ్లీషులో.

ఐఎస్‌బీ హైదరాబాద్‌లో ఏడాది కోర్సుంది, దానికి జీమ్యాట్ లేదా జీఆర్ఈ స్కోరు, పని అనుభవం కావాలి. ఫీజు 30 లక్షలు దాటుతుంది. పెద్ద ఐఐఎంల్లో రెండేళ్ళకి 20 లక్షల పైనే. రాష్ట్ర ఎంబీఏ ఎంట్రన్స్ ఐసెట్ రాసి కాకుటూరు విక్రమ సింహపురి యూనివర్సిటీలోనో, ఏదైనా స్థానిక కాలేజీలోనో చేస్తే ఖర్చు చాలా తక్కువ. ఇంట్లో నర్సింగ్ హోమ్ ఉండి, అకౌంట్లూ జీతాలూ జీఎస్‌టీ అర్థం కావాలన్నంత వరకే మీ అవసరమైతే ఇది చాలు. కార్పొరేట్ ఆసుపత్రిలో పెద్ద కుర్చీ కోసమైతే పేరున్న చోటే చేయాలి, లేదంటే మానుకోవాలి. మధ్యస్థంగా ఉన్న కాలేజీకి ఐఐఎం ఫీజులో సగం కట్టడం అన్నిటికన్నా చెడ్డ బేరం. ఆ బేరం చేసినవాణ్ణి నేనే.

పీజీ చేస్తూ పక్కన చదువుకోవచ్చా

2022లో యూజీసీ ఒకేసారి రెండు డిగ్రీలు చేయొచ్చని చెప్పినప్పటి నుంచి ఇది అందరూ అడుగుతున్నారు. ఆ మార్గదర్శకాల్లోనే సంబంధిత కౌన్సిళ్ళ నిబంధనలు వర్తిస్తాయని ఉంది. మనకి వైద్య విద్యని చూసే జాతీయ మెడికల్ కమిషన్, ఎన్ఎంసీ ఉంది. 2023 పీజీ నిబంధనల ప్రకారం మీరు ఫుల్‌టైమ్ రెసిడెంటు. 80 శాతం హాజరుండాలి. ఏడాదికి 20 క్యాజువల్ లీవులు, 5 అకడమిక్ లీవులు, వారానికి ఒక సెలవు, అదీ డ్యూటీ కుదిరితే. మూడు నెలలు జిల్లా ఆసుపత్రిలో పనిచేయడానికి, అంటే జిల్లా రెసిడెన్సీకి పోవాలి. థీసిస్ ఉంటుంది. ఇందులో ఎంబీఏ ఎక్కడ ఇముడుతుందో మీరే చెప్పండి.

చేయాలనే ఉంటే ఆఖరి ఏడాదిలో చిన్న ఆన్‌లైన్ కోర్సులు చేయండి. బ్యాలెన్స్ షీట్ చదవడం ఒకటి, ఎక్సెల్ ఒకటి. ఆ రెండూ వస్తే ఎంబీఏ మొదటి ఏడాదిలో నాకు నిజంగా పనికొచ్చిన దాంట్లో చాలా భాగం వచ్చినట్టే.

అమెరికా వైపు చూస్తున్నవాళ్ళకి

ఇక్కడ లెక్క వేరు, కొంచెం ఓపికగా చదవండి.

అమెరికాలో ఎండీ, ఎంబీఏ కలిపి చేసే కోర్సులు చాలా యూనివర్సిటీల్లో ఉన్నాయి. అక్కడి మెడికల్ స్కూల్ నాలుగేళ్ళు, ఎంబీఏ రెండేళ్ళు, కలిపి చేస్తే మామూలుగా ఐదేళ్ళలో అయిపోతుంది. అక్కడి కుర్రాడు రెసిడెన్సీకి, అంటే అక్కడి పీజీకి అప్లై చేసేనాటికి రెండూ చేతిలో ఉంటాయి, గ్యాప్ అనేదే ఉండదు. పైగా ఆ దేశపు మెడికల్ స్కూల్ సీనియర్లలో 93 శాతం దాకా మ్యాచ్ అవుతారు, అంటే రెసిడెన్సీ సీట్లు కేటాయించే 'మ్యాచ్'లో వాళ్ళకి సీటు దొరుకుతుంది. వాళ్ళకి ఎంబీఏ అనేది బాగున్న భోజనంలో వడియం లాంటిది. అదే ఉదాహరణ పట్టుకుని మనం చేస్తే కుదరదు. మన లాంటి, అంటే అమెరికా పౌరులు కాని విదేశీ గ్రాడ్యుయేట్లలో 2024, 2025 మ్యాచ్‌లలో సీటు దొరికింది 58 శాతం మందికే.

మనకి అక్కడ మొదట చూసేది స్టెప్ స్కోర్లు, అంటే అక్కడి డాక్టరు లైసెన్స్ పరీక్షల మార్కులు. 2022 జనవరి నుంచి స్టెప్ 1 పాస్ లేదా ఫెయిల్ మాత్రమే, నంబరు లేదు. దాంతో బరువంతా రెండో పరీక్ష స్టెప్ 2 సీకే మీద పడింది. ఆ తర్వాత అక్కడి ఆసుపత్రుల్లో అనుభవం, అక్కడి డాక్టర్ల సిఫారసు లేఖలు, వీసా అవసరమా కాదా, ఎంబీబీఎస్ పాసై ఎన్నేళ్ళయింది. ఈ చివరిదాని దగ్గరే ఎంబీఏ దెబ్బ కొడుతుంది. చాలా ప్రోగ్రాములు మూడేళ్ళనో ఐదేళ్ళనో ఒక గీత గీసుకుంటాయి. హౌస్ సర్జన్సీ అయ్యాక రెండేళ్ళు ఎంబీఏ, ఏడాదిన్నర స్టెప్పులు, ఒక ఏడాది అప్లికేషన్ అనుకుంటే మూడేళ్ళ గీత దాటిపోయారు, అయిదేళ్ళ గీత దగ్గరికి వచ్చేశారు. స్టెప్పులు ముందే రాసి మధ్యలో ఎంబీఏకి పోదామనుకుంటే ఇంకో గడియారం తిరుగుతుంది. విదేశాల్లో చదివిన డాక్టర్లకి అక్కడ కావాల్సిన ఈసీఎఫ్ఎంజీ సర్టిఫికెట్ కోసం పరీక్షలన్నీ ఏడేళ్ళలోపు పూర్తవ్వాలి.

డబ్బు కూడా చూసుకోండి. స్టెప్ పరీక్ష ఒక్కోటి వెయ్యి డాలర్ల పైనే. అక్కడే పేరున్న స్కూల్లో రెండేళ్ళ ఎంబీఏ చేస్తే ఒక్క ఫీజే మన డబ్బులో కోటి దాటుతుంది. ఇంట్లో పొలం తాకట్టు పెట్టి ఎంబీఏకి పోయి, అక్కణ్ణుంచి రెసిడెన్సీలోకి దూరొచ్చని ఏజెంట్లు ఒంగోలులోనూ చెబుతున్నారు. స్టూడెంట్ వీసా మీద ఆ దేశంలో ఉండటం వేరు, రెసిడెన్సీ సీటు వేరు. రెసిడెన్సీకి జే1 వీసా అయితే ట్రైనింగ్ తర్వాత రెండేళ్ళు వెనక్కి రావాలనే షరతుంటుంది, మినహాయింపు దొరికితే తప్ప. హెచ్1బీ కావాలంటే స్టెప్ 3 ముందే పాసవ్వాలి, పైగా 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకి లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. చేరే ముందు ఆ ఏడాది రూలేంటో ఆ ప్రోగ్రాము వాళ్ళనే మెయిల్ చేసి అడగండి.

మరి ఎంబీఏ ఉన్నవాళ్ళకి లాభమే లేదా? ఉంది, కానీ అది సర్టిఫికెట్ వల్ల కాదు. రెసిడెన్సీకి పెట్టే ఈరాస్ అప్లికేషన్‌లో పది అనుభవాలు రాయనిస్తారు, వాటిలో మూడు మీకు ముఖ్యమైనవిగా గుర్తించి ఎందుకో చెప్పాలి. ఎంబీఏ అనేది చదువుల గడిలో ఒక లైను. ఆ చదువుతో ఏం చేశారో అన్నది ఈ మూడింట్లో ఒకటి కాగలిగితే అప్పుడు దాని గురించి మాట్లాడతారు. నా బ్యాచ్‌మేట్ ఒకామె హైదరాబాద్‌లో ఏడాది ఎంబీఏ చేసి, తర్వాత ఇంటర్నల్ మెడిసిన్‌కి అప్లై చేసింది. మొదటిసారి మ్యాచ్ కాలేదు, రెండోసారి అయింది. ఏ ఇంటర్వ్యూలోనూ ఎంబీఏలో ఏం చదివావని అడగలేదంట. అడిగింది రెండే. ఒకటి, "పేషెంట్లని వదిలి మేనేజ్‌మెంట్‌కి వెళ్ళిపోతావా?" రెండు, కింద చెప్పబోయే నోటు పుస్తకం గురించి.

ఆ మొదటి ప్రశ్నకి జవాబు ముందే సిద్ధం చేసుకోండి. మూడేళ్ళు వాళ్ళ వార్డులో రాత్రిళ్ళు నిలబడే మనిషి కావాలి వాళ్ళకి. "భవిష్యత్తులో లీడర్‌షిప్" అనే మాట పర్సనల్ స్టేట్‌మెంట్‌లో నాలుగుసార్లు కనిపిస్తే అనుమానం వస్తుంది. మీరు చూసిన ఒక పేషెంటుతో మొదలుపెట్టండి, ఆ పేషెంటుకి ఆసుపత్రి పద్ధతి వల్ల ఏం ఇబ్బంది అయిందో చెప్పండి, ఎంబీఏ అక్కడ ఎందుకు అవసరమనిపించిందో ఒక్క వాక్యంలో చెప్పి వదిలేయండి. వెళ్ళబోయే బ్రాంచిలో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి ఎలా ఉందో చూడాలంటే మ్యాచ్ నడిపే సంస్థే అప్పుడప్పుడూ బ్రాంచీల వారీగా పట్టికలు వేస్తుంది. అందులో వేరే డిగ్రీ ఉన్నవాళ్ళకి ఒక వరస ఉంటుంది. సీటు వచ్చినవాళ్ళదీ రానివాళ్ళదీ ఆ వరసలో పక్కపక్కన పెట్టి చూసుకోండి. కన్సల్టెంట్ మాటకన్నా అది నయం.

డిగ్రీ కన్నా ముందు ఒక నోటు పుస్తకం పెట్టండి

ఎంబీఏ చేసినా చేయకపోయినా ఈ పని చేయండి. ఖర్చు 40 రూపాయలు.

ఎంబీఏ అయ్యాక, పీజీ రాకముందు, నెల్లూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుగా చేశాను. అమెరికా వెళ్ళిన బ్యాచ్‌మేట్ కూడా అప్పుడు అక్కడే. ఒకరోజు సాయంత్రం నాలుగున్నరకి ఉదయగిరి నుంచి వచ్చిన ఒక పెద్దాయన రిసెప్షన్ ముందు కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో దిండు, పక్కన ప్లాస్టిక్ కవర్లో పళ్ళెం, గ్లాసు, మందులు. పొద్దున తొమ్మిదికి రౌండ్స్‌లో మేమే "ఇంటికి పోవచ్చు తాతా" అని చెప్పాం. ఆయన చేతికి ఇంకా సెలైన్ ఎక్కించే క్యాన్యులా ఉంది. కోడలు వచ్చి, "సార్, ఇంక చివరి బస్సు కూడా పోతే ఈ రాత్రికి ఎక్కడ పడుకోవాలి?" అని అడిగింది. నేను బిల్లింగ్ కౌంటర్ వైపు చూపించాను. బిల్లింగ్ వాళ్ళు ఫార్మసీ వైపు చూపించారు. ఫార్మసీ వాళ్ళు వార్డు వైపు.

మర్నాడు మేమిద్దరం నోటు పుస్తకంలో గడులు గీశాం. డిశ్చార్జ్ అని చెప్పిన టైము, సమ్మరీ (జబ్బు, చికిత్స రాసిచ్చే కాగితం) తయారైన టైము, మిగిలిన మందులు ఫార్మసీకి తిరిగిచ్చిన టైము, బిల్లు అయిన టైము, ఇన్సూరెన్స్ కేసైతే అప్రూవల్ వచ్చిన టైము, పేషెంటు గేటు దాటిన టైము. ఎన్టీఆర్ వైద్య సేవ కేసులు పుస్తకం వెనక వైపు నుంచి రాసుకున్నాం, వాటి కాగితాలు వేరు కాబట్టి. నెల రోజులు, మా డ్యూటీలో ఉన్న ప్రతి కేసూ. వార్డు సిస్టర్లు మొదట నవ్వారు, రెండో వారంలో వాళ్ళే టైములు రాసిపెట్టడం మొదలుపెట్టారు.

బిల్లింగ్ వాళ్ళే ఆలస్యం చేస్తున్నారని నిరూపిద్దామని మొదలుపెట్టాం. నెలాఖరుకి లెక్క చూస్తే అన్నిటికన్నా పెద్ద ఖాళీ మొదటి రెండు గడుల మధ్యే ఉంది. అంటే డిశ్చార్జ్ అని చెప్పడానికీ సమ్మరీ తయారవడానికీ మధ్య. సమ్మరీ రాయాల్సింది డ్యూటీ డాక్టరు. అంటే నేను. రౌండ్స్ అయ్యాక కొత్త అడ్మిషన్లు, ప్రొసీజర్లు, భోజనం అన్నీ అయ్యాక మూడింటికి కూర్చుని రాసేవాణ్ణి. ఆ తాతని కుర్చీలో కూర్చోబెట్టింది నేనే.

ముందు రోజు రాత్రి డ్యూటీలోనే సమ్మరీ ముసాయిదా టైపు చేసి, పొద్దున రౌండ్స్‌లో సరిచేసి సంతకం పెట్టడం మొదలుపెట్టాం. ఇంకో నెల రాశాం. ఇన్సూరెన్స్ కేసులు పెద్దగా మారలేదు, అది మా చేతిలో లేదు. మిగతావాళ్ళలో చాలామంది మధ్యాహ్నం భోజనం ఇంటికెళ్ళి తిన్నారు.

మీరు చేసేటప్పుడు కొన్ని జాగ్రత్తలు. పేషెంట్ల పేర్లు, ఫోన్ నంబర్లు రాయకండి, వరస సంఖ్య చాలు. సూపరింటెండెంట్‌కో మేనేజ్‌మెంట్‌కో ముందే చెప్పండి. రేపు పేపరుగా వేయాలనుకుంటే ఎథిక్స్ కమిటీ అనుమతి మొదలుపెట్టక ముందే తీసుకోవాలి, తర్వాత ఇవ్వరు. మార్చింది ఏమిటో, ముందూ తర్వాతా ఏమైందో, ఏది మారలేదో మూడూ రాసుకోండి. ఇంటర్వ్యూలో మూడోదే నమ్మకం కలిగిస్తుంది. డిశ్చార్జే కావాలని లేదు. ఓపీలో చీటీ తీసుకున్నప్పటి నుంచి డాక్టరుని చూసేదాకా పట్టే టైము, ల్యాబ్ రిపోర్టు చేతికొచ్చే టైము, బీపీ మందులు అయిపోయి మళ్ళీ రాని పేషెంట్ల లెక్క, ఏదైనా సరే. మీ ఆసుపత్రిలో రోజూ మిమ్మల్ని చికాకు పెట్టేది ఏదో దాన్ని పట్టుకోండి. పీజీలో చేరాక థీసిస్ టాపిక్ కోసం తల పట్టుకునే రోజున కూడా ఈ అలవాటు ఆదుకుంటుంది.

పీజీ అయ్యాక ఎంబీఏ

నా ఉద్దేశంలో సరైన వరుస ఇదే. పీజీ అయి, నాలుగేళ్ళు ప్రాక్టీసు చేసి, ఇరవై ముప్పై పడకల ఆసుపత్రిలో భాగస్వామిగా చేరేనాటికి ఎంబీఏలో చెప్పే ప్రతి పాఠానికీ మీ దగ్గర ఒక బిల్లు ఉంటుంది. స్కానింగ్ మెషీను కొనాలా, బయటికి పంపాలా? పథకం కింద రావాల్సిన డబ్బు నెలల తరబడి ఆగితే జీతాలు ఎక్కణ్ణుంచి ఇవ్వాలి? అప్పుడు చదివితే తలకెక్కుతుంది. పని చేస్తున్నవాళ్ళ కోసం ఐఐఎంలు, ఐఎస్‌బీ నడిపే వారాంతపు కోర్సులున్నాయి. ఎంబీబీఎస్ అయిన ఏడాదికి నేను క్యాష్ ఫ్లో పాఠం విన్నప్పుడు నా క్యాష్ ఫ్లో మా నాన్న పంపే డబ్బే.

ఒక చిన్న మాట. ప్రిస్క్రిప్షన్ చీటీ మీద, బోర్డు మీద పేరు పక్కన ఎంబీఏ రాయకండి. అక్కడ గుర్తింపు ఉన్న వైద్య డిగ్రీలే ఉండాలి. మా ఊళ్ళో ఒకాయన అది చూసి, "ఈ అక్షరాలేంది సార్, గుండె స్పెషలిస్టా?" అని అడిగాడు.

సర్టిఫికెట్లు ఎక్కడున్నాయో చూసుకోండి

ఇది చివర్లో పెట్టాను గానీ చేరే రోజే చేయాల్సిన పని. ఎంబీఏలో చేరి ఉండగా పీజీ సీటు వస్తే రిపోర్ట్ చేయడానికి రోజుల గడువే ఉంటుంది. ఒరిజినల్స్ చూపించాలి. టెన్త్, ఇంటర్ మెమోలు, ఎంబీబీఎస్ మార్కుల జాబితాలు, ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్, మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్, కులం సర్టిఫికెట్. నా ఒరిజినల్స్ ఎంబీఏ చేసిన కాలేజీ ఆఫీసులో ఉన్నాయి. కోర్సు అయిపోయినా ఏదో ఫీజు బాకీ ఉందని ఇవ్వలేదు. కాలేజీలు ఒరిజినల్స్ తమ దగ్గర పెట్టుకోకూడదని 2018లోనే యూజీసీ చెప్పింది, ఆ సంగతి నాకప్పుడు తెలియదు. తెలిసుంటే ఆ నోటిఫికేషన్ కాపీ పట్టుకుని వెళ్ళేవాణ్ణి.

కాబట్టి చేరేటప్పుడు ఒరిజినల్స్ చూపించి జిరాక్సులు మాత్రం ఇవ్వండి. వాళ్ళు అట్టిపెట్టుకుంటామంటే ఏ కాగితాలు తీసుకున్నారో సంతకంతో రసీదు అడగండి. రసీదు ఇవ్వమంటే చాలాసార్లు ఒరిజినల్సే వెనక్కి ఇచ్చేస్తారు. కోర్సు అయిన వారంలోనే బాకీ లేదనే నో డ్యూస్ కాగితం తీసుకోండి. అన్నీ స్కాన్ చేసి మీ మెయిల్లో ఒకటి, ఇంట్లో ఇంకొకరి మెయిల్లో ఒకటి ఉంచండి. నా విషయంలో మా నాన్న వెళ్ళి ఆ బాకీ కట్టి, కవరు చొక్కా లోపల పెట్టుకుని పినాకినిలో ఒంగోలు స్టేషన్లో దిగాడు. గడువు ఆ సాయంత్రం అయిదింటికి. ప్లాట్‌ఫామ్ మీదే కవరు విప్పి లెక్కపెట్టాం. ఇంటర్ మెమో లేదు. దాన్ని ఎప్పుడో లామినేషన్ చేయించి మా అమ్మ ఇంట్లో బీరువాలో పెట్టిందని ఫోన్ చేస్తే తెలిసింది. కాలేజీలో అండర్‌టేకింగ్ రాసిచ్చి, వారం గడువు తీసుకుని చేరాను.